రక్షణ వస్త్రములు – ఉతుకు



మచిలీపట్నపు కలంకారీలో ఉతుకు అద్దకమునకు అంగము. కరక్కాయ, పటిక పట్టిన బట్టను పారునీట జాడించినగాని రంగు తేటపడదు. సైనికుని రక్షణ వస్త్రము సంగతి వేరు. అది తయారై వచ్చిన పిదప ప్రతి ఉతుకును దాని గుణమునుండి కొంత తీసికొనిపోవచ్చును. పైకి మాత్రము బట్ట శుభ్రముగానే కనబడును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మంటకోర్చు నూలుబట్టను తీసికొందము. నూలు సహజముగా మండును. భాస్వర ద్రవ్యమును పోగులోని కెక్కించి ఆ స్వభావమును మాన్పింతురు. అట్టి బట్టను ఢిల్లీ బోరునీటిలో సబ్బుతో ఉతికిన ఏమగును? ఇచ్చటి భూగర్భజలము పలుచోట్ల కఠినజలము; బకెట్టు అంచున నిలుచు తెల్లని చారలు మన గృహిణులకు తెలిసినవే. నీటిలోని సున్నపు అంశము సబ్బుతో కలిసి జిడ్డుగా మారి పోగులపై పేరుకొనును. ఆ జిడ్డు మండును! లోపలి మందు చెక్కుచెదరకున్నను పైపొర నిప్పందుకొనును. కనుకనే ఇట్టి బట్టలకు సబ్బు కూడదు, డిటర్జెంటు వాడవలెనని నియమము. క్లోరిన్ కలిసిన తెలుపుమందు ఆ భాస్వర ద్రవ్యమునే చెరచును. పుట్టుకతోనే మంటకోర్చు అరామిడ్ నారకు మందు పోవునను భయము లేదు గాని, జిడ్డు బాధ దానికిని తప్పదు.

ఇక గంజి. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీపై మనవారికి గల మక్కువ నే నెరుగుదును. కవాతునకు అది శోభయే. అయినను అమెరికా సైన్యము తన రణరంగపు దుస్తులకు గంజిని నిషేధించినది.

విషవాయువుల నడ్డు దుస్తులలో ఉత్తేజిత బొగ్గు ఉండును. దాని సూక్ష్మరంధ్రములు విషమును పట్టి నిలుపును. చెమట, నూనె, సబ్బుజిడ్డు ఆ రంధ్రములనే పూడ్చును. 1990 దశకమున అమెరికావారు తెచ్చిన జేస్లిస్ట్ అను దుస్తునకు సంచి విప్పిన పిదప 120 దినములు ఆయువు. అందు 45 దినముల ధారణ, ఆరు ఉతుకులు మాత్రమే. మన దేశమున ఇట్టి దుస్తులపై కాన్పూరులోని రక్షణ పరిశోధనశాల కృషి చేసినది.

ఆరు ఉతుకులు సరే, వానిని లెక్కించు వారెవరు? దస్త్రములతో బ్రతుకు వాడను గనుక నా కొకటి తోచుచున్నది. దుస్తు జారీ చేయునపుడే ఉతుకుల లెక్కకొక చీటీ దానికి కుట్టవలెను. ఆ చీటీపై గీత గీయవలసినవాడు రేవులో నుండును. నియమములు అతడు చదువగల భాషలో, లేదా బొమ్మలలో, ఉండవలెను.