నాన్న నడిపితేనే ఆగిపోయే కారు

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ లేదు, గాడ్జెట్ లేదు. మా నాన్న కారు గురించి చెప్తా. ఇంట్లో పాత కారు ఉంటే చివరిదాకా ఉండండి, పనికొస్తుంది.

మాది సూర్యాపేట దగ్గర ఊరు. కారు తొమ్మిదేళ్ల పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు. ఎక్కడికెళ్లాలన్నా హైదరాబాద్-విజయవాడ హైవే ఎక్కాల్సిందే. ఒకరోజు నాన్న ఫోన్ చేసి, "సెకండ్ గేర్ల గట్టిగ తొక్కితే బండి ఠక్కున ఆగిపోతుందిరా" అన్నాడు. వీకెండ్ వెళ్లి ఊళ్లో రెండు రౌండ్లు వేశా. ఏం కాలేదు. "క్లచ్ సరిగ్గా వదలట్లేదేమో నాన్నా" అన్నా. నవ్వుతూనే అన్నా. ఆయన ఏం మాట్లాడలేదు.

రెండు వారాల తర్వాత అమ్మని చెకప్‌కి తీసుకెళ్తుంటే, హైవే ఎక్కేచోట సగం రోడ్డు మీద బండి ఆగిపోయింది. వెనక లారీ. ఆ డ్రైవర్ బ్రేక్ కొట్టాడు కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి నాన్న తాళాలు టీవీ పక్కన పెట్టేశాడు. "నాకు చాతనైతలేదు, అమ్మేద్దాం" అన్నాడట. ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్న మనిషి.

సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత జోక్ ఉంది కదా. టెస్టర్ బగ్ చెప్తే డెవలపర్ "నా మెషీన్‌లో బానే పనిచేస్తోందే" అంటాడు. నేను నాన్నతో చేసింది అదే. కాలనీ రోడ్డు మీద ఇరవై స్పీడ్‌లో టెస్ట్ చేసి, బగ్ లేదు, తప్పు యూజర్‌దే అని తేల్చేశా.

సరే, మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన బండి న్యూట్రల్‌లో పెట్టి రైజ్ చేసి చూశాడు. ఆగలేదు. అయినా ఫ్యూయల్ పంప్ పోయి ఉంటుందన్నాడు. 6,500 పెట్టి మార్చాం. నాలుగో రోజు మళ్లీ ఆగింది. ఈసారి ఈసీయూ మార్చాలి, 18,000 అన్నాడు. "ఎలా తెలుసన్నా?" అని అడిగా. "అదే అయ్యుంటుంది తమ్ముడూ" అన్నాడు. అక్కడ ఆపేశా.

ఆ ఆదివారం పొద్దున్నే, బండ్లు తిరగని ఒక వెంచర్ రోడ్డుకి వెళ్లాం. నాన్నని డ్రైవ్ చేయమన్నా. "హైవే ఎక్కేటప్పుడు ఎలా తొక్కుతారో అలాగే తొక్కండి. ఆగిపోతే వెంటనే క్లచ్ నొక్కకండి" అని చెప్పి, పక్కన కూర్చుని మీటర్ బోర్డుని ఫోన్‌లో వీడియో తీశా. మూడోసారికి ఆగింది.

ఇంటికొచ్చి ఆ వీడియో స్లో మోషన్‌లో చూశా. బండి గేర్‌లోనే ఉంది, కదులుతోంది. అంటే చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉన్నాయి. కానీ ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. ఇంజిన్ తిరుగుతుంటే మీటర్ సున్నా ఎందుకు చూపిస్తుంది? ఇంజిన్ తిరుగుతోందన్న సంగతి కంప్యూటర్‌కి చేరట్లేదన్నమాట.

ఆ సంగతి చెప్పేది క్రాంక్ సెన్సార్. ఇంజిన్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రాన్ని గమనిస్తూ సిగ్నల్ పంపిస్తుంది. దాన్ని బట్టే ఈసీయూ పెట్రోల్ ఎప్పుడు కొట్టాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అని లెక్కేస్తుంది. సిగ్నల్ పోతే రెండూ ఆపేస్తుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే, చెక్ లైట్ వెలగకపోయినా, పెండింగ్‌లో పి0335 అనే కోడ్ ఉంది. క్రాంక్ సెన్సార్ సర్క్యూట్ అని అర్థం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కోడ్ చూసి సెన్సార్ కొనేయడం. కోడ్ చెప్పింది సర్క్యూట్ గురించి. అందులో వైరు ఉంది, కప్లర్ ఉంది, సెన్సార్ ఉంది. మరి గట్టిగా తొక్కినప్పుడే ఎందుకు?

ఆ వీడియో పట్టుకుని ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన బానెట్ తెరిచి, బండి ముందు ఎవర్నీ నిలబడనివ్వకుండా, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ మీద కాలుంచి క్లచ్ కొంచెం వదిలించాడు. ఇంజిన్ మొత్తం ఒక పక్కకి లేచింది! ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయింది. లోడ్ పడ్డప్పుడల్లా ఇంజిన్ ఒరిగి సెన్సార్ వైరుని లాగుతోంది. పైన తొడుగు బానే ఉంది, లోపల రాగి తీగలు తెగిపోయాయి. ఇంజిన్ మళ్లీ సర్దుకోగానే తీగలు తగులుకునేవి, అందుకే తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. న్యూట్రల్‌లో ఎంత రైజ్ చేసినా లోడ్ ఉండదు కాబట్టి ఇంజిన్ అంతగా ఒరగదు, బగ్ దొరకదు.

మౌంటింగ్, వైరు, కప్లర్, లేబర్ అన్నీ కలిపి 2,850. సెన్సార్ పాతదే.

మీకు ఇలా జరిగితే ముందు ఒకటి గమనించండి. బండి గుంజుతూ, పికప్ తగ్గుతూ మెల్లగా ఆగిందా? అయితే ఫ్యూయల్ ఫిల్టర్, పంప్, గాలి వెళ్లే దారి వైపు చూడండి. స్విచ్ ఆపినట్టు ఠక్కున ఆగిందా? అప్పుడు ముందు వైర్లు, కప్లర్లు, సెన్సార్లు చూడండి. అన్నిసార్లూ ఇంతే అని కాదు, కానీ వెతకడం ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది.

రోడ్డు మీద ఆగిపోతే కంగారుపడి తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీయకండి, స్టీరింగ్ లాక్ అవుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బలంగా తిప్పాలి. బ్రేక్ పదేపదే కొడితే గట్టిపడిపోతుంది, ఒకేసారి నొక్కి పట్టండి. హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకి తీసుకోండి.

చివరిగా ఒక మాట. మా బండి సంగతి మొదటిరోజే నాన్న పూర్తిగా చెప్పాడు. ఏ గేరు, ఎలా తొక్కితే, ఎలా ఆగుతోంది అని. అంత మంచి బగ్ రిపోర్ట్ నాకు ఆఫీసులో కూడా ఎవరూ ఇవ్వలేదు. విననిది నేనే.

పోయిన వారం అమ్మ చెకప్‌కి నాన్నే తీసుకెళ్లాడు. నేను వెనక సీట్లో కూర్చున్నా. హైవే ఎక్కేచోట సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కాడు. బండి ఎక్కేసింది. అద్దంలోంచి నన్ను చూసి, "క్లచ్ సరిగ్గనే వదిలిననా?" అన్నాడు.

సారీ నాన్నా.