వాకిలి అంచు

(డిసెంబరు 17, పెన్షనర్స్ డే సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును గురించి, పెన్షను దయాభిక్ష కాదన్న సంగతిని గురించి పెద్దలు విపులంగా చెప్పారు. నన్ను మాత్రం ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా పది నిముషాలు మాట్లాడమన్నారు. మా ఇంటి వాకిలి గురించి చెబుతాను. చిన్న విషయమే గాని, నాకు చాలా ఖరీదు పడింది.

నేను 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. నంద్యాలలో ఇల్లు కట్టగా మిగిలిన గ్రాట్యుటీ డబ్బుతో, 2009 ఎండాకాలంలో ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున నాపబండలు పరిపించాను. బేతంచెర్ల బండ మనకు దగ్గరే గదా. పరుపు పూర్తయిన రోజు బేల్దారి మేస్త్రి, "సార్, ఇంగ మూడు పక్కలా అంచు కట్టాల. 200 ఇటుకలు తెప్పించండి, మూడు దినాల పని" అన్నాడు. చేతిలో డబ్బు అయిపోవచ్చింది. "బండలు పడ్డాయి గదా నాయనా, అంచు తర్వాత చూద్దాంలే" అన్నాను. అతను తల గోక్కుని, "అంచు లేకుంటే బండ నిలబడదు సామీ" అన్నాడు. నేను వినలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, నేను పనిచేసింది నీటిపారుదల శాఖలో. కాలువ గట్టుకు రాయి పేర్చినప్పుడు అడుగున టో వాల్ కట్టకపోతే రాయి జారిపోతుందని నేను టైపు చేసిన ఎస్టిమేట్లకు లెక్కలేదు. అయినా నా ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఆ ఐటమ్ కొట్టేశాను.

మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నాలుగైదు వానాకాలాలకు అంచు బండల కింది ఇసుక కొట్టుకుపోయింది. బండలు గాలిలో వేలాడసాగాయి. వాటికీ కింది నేలకూ మధ్య రెండంగుళాల తేడా ఏర్పడింది. పూర్తి మెట్టయితే కాలు జాగ్రత్త పడుతుంది. ఈ రెండంగుళాలు కంటికి ఆనవు. రోజూ చూస్తూనే ఉన్నాను. రెండు ఇటుక ముక్కలు ఎగదోసి సరిపెట్టాను.

2018 భాద్రపదంలో ఒకనాడు తెల్లవారుజామున మా ఆవిడ ముగ్గుగిన్నె పట్టుకుని వెళ్ళింది. అంచు బండ మీద అడుగు వేయగానే అది ఒరిగింది. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆస్పత్రి ఖర్చు చెప్పను, అప్పట్లో అంచుకు అయ్యేదానికి ఎన్నో రెట్లు. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. "పోనీలెండి, చెయ్యేగా, నడుం విరగలేదు" అంది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

కట్టు విప్పిన వారానికి ఆ మేస్త్రినే వెతికి పిలిపించాను. ఈసారి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ముందు వదులైన బండలు లేపించాడు. మూడు పక్కలా, అంటే 48 అడుగుల మేర, అడుగు వెడల్పున అడుగుంబావు లోతు కందకం తీయించాడు. రేగడి మట్టి బయట పారబోసి, అడుగున ఆరంగుళాలు గరుసు వేసి నీళ్ళు కొట్టి దిమ్మిస చేశాడు. దాని మీద నాలుగంగుళాలు ఒకటి-నాలుగు-ఎనిమిది కాంక్రీటు. మరునాడు ఇటుకలు. బుడగలు రావడం ఆగేదాకా తొట్టిలో నానబెట్టాడు. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేస్తుందట. ఒకటికి నాలుగు మాలులో ఇటుకను అంచుమీద నిలబెట్టి, పొడవు అడ్డంగా వచ్చేట్టు వరస కట్టాడు. 170 దాకా పట్టాయి, తక్కినవి విరుగుళ్ళకు పోయాయి. మొదట చెప్పిన 200 లెక్కే సరిపోయింది!

అంచును బండకంటే ఎత్తు చేయమని నేనన్నాను, అందంగా ఉంటుందని. "నీళ్ళు యాడికి పోతాయి సార్?" అన్నాడు. పావంగుళం కిందికే పెట్టాడు. ఇంటి గోడ నుంచి అయిదడుగులకు అంగుళం చొప్పున వాలు ఉందో లేదో రసమట్టం పెట్టి చూశాడు. గేటు వైపు మాత్రం మెట్టు లేకుండా ఏటవాలుగా దించాడు, రేపు చేతికర్ర వచ్చినా, చక్రాల కుర్చీ వచ్చినా ఇబ్బంది లేకుండా. ఆ మాట అతను చాలా మామూలుగా అన్నాడు. నేను మాత్రం కాసేపు మాట్లాడలేదు.

వారం రోజులు గోనెపట్టాలు కప్పి పొద్దున, సాయంత్రం నేనే నీళ్ళు పట్టాను. మూడోనాడు పక్కింటి పిల్లవాడు సైకిలు ఎక్కించాడు. ఆ చార ఇంకా ఉంది.

మా ఆవిడ చెయ్యి పూర్తిగా పూర్వం లాగా రాలేదు. బట్టలు పిండలేదు. చుక్కల ముగ్గు వేస్తే చివరి వరస కొంచెం వంకర పోతుంది. ఇప్పుడు ఆ వరసను ఇటుక అంచుదాకా తీసుకువెళ్ళి ఆపుతుంది.

మీలో ఎవరి వాకిట్లోనైనా ఊగే బండ ఉంటే ఈ వారంలోనే మడమతో నొక్కి చూడండి. మేస్త్రి కావాలంటే నన్ను అడగండి. రసమట్టం ఒకటి సొంతంగా కొన్నాను, కావలసినవారు తీసుకువెళ్ళవచ్చు. అయితే తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ వేసి నా నోటుబుక్కులో సంతకం పెట్టాలి. పాత అలవాటు, క్షమించాలి.