మస్టరు పట్టీలో లేనివాళ్లు: పాలమూరు లేబర్, ఆస్ట్రేలియా ఖైదీలు, ఒక పాత పేచీ (సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)

సురవరం పేరిట మాట్లాడే అర్హత ఈ వక్తకు ఉందా లేదా అన్నది నిర్వాహకులే తేల్చేశారు గనుక ఆ చర్చ అనవసరం. సురవరం జీవితం పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, బడిపిల్లలకు కూడా తెలుసు. 1896లో పుట్టుక, 1926లో గోలకొండ పత్రిక, 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభ అధ్యక్షత, 1952లో వనపర్తి నుంచి శాసనసభ, మరుసటేడు మరణం, 1955లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం. ఈ వక్త తాతకు మాత్రం ఆయన మీద ఒక ఫిర్యాదు ఉండేది. గోలకొండ పత్రిక కాగితం మరీ పలచనట, గోడకు అంటిస్తే వెనక సున్నం కనిపించేదట. ఆ ఇంట్లో సురవరానికి దక్కిన నివాళి అంతే.

ఆయన చేసిన ఒక్క పనిని మాత్రం ఈ సాయంత్రం వాడుకోక తప్పదు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే సురవరం తిట్టలేదు, వాదించలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేసి 354 మంది కవులను వరసగా నిలబెట్టారు. పట్టీ తయారైంది, వాదం ముగిసింది.

ఇక అలాంటి పట్టీ లేని నాగార్జునసాగర్. తెలిసిన సంగతులను తొందరగా దాటేద్దాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు, డ్యాముకు ఇరవై ఆరు గేట్లు. నందికొండ దగ్గర అడవిలో హిల్ కాలనీ, పైలాన్ కాలనీ లేచాయి. ఎడమ కాలువ నల్గొండకు నీళ్లు తెచ్చింది, నీళ్ల వెంట కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వచ్చి భూములు కొన్నారు, వడ్లొచ్చాక రైసుమిల్లులు వచ్చాయి. ఎవరు ఎంతకు అమ్ముకున్నారు, ఎవరు ఎంతకు కొన్నారు అనే లెక్క 1969 తెలంగాణ ఉద్యమం నుంచీ తెగలేదు, ఈ సభలోనూ తెగదు.

తెగాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. సాగర్ డ్యాము ప్రధానంగా రాతికట్టడం. సిమెంటుకు, విదేశీ యంత్రాలకు కటకటగా ఉన్న రోజులు. మనుషులకు మాత్రం కొదవ లేదు. అందుకే రాయినీ మనిషినీ నమ్ముకున్నారు. 124 మీటర్ల ఎత్తుకు ఆ రాయిని, ఇసుకను తలల మీద, భుజాల మీద ఎక్కించారు. ఎక్కించినవాళ్లలో ఆడవాళ్లు తక్కువేమీ కాదు. పాలమూరు నుంచి వడ్డెర, లంబాడా, మాదిగ, బోయ కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి ఆ పరంజాల కింద గుడిసెలు వేసుకున్నాయి. శిలాఫలకాల మీద ప్రధానమంత్రులున్నారు, ముఖ్యమంత్రులున్నారు. ఇంజనీర్ల పేర్లు పుస్తకాలలో ఉన్నాయి. డ్యాము కోసం పోరాడిన ముక్త్యాల రాజా పేరు జనం నోట ఉంది. గంప మోసిన మనిషి పేరు చెప్పమంటే మాత్రం సమాధానం ఒక్కటే: పాలమూరు లేబర్.

ఈ నిర్లక్ష్యానికి తీరిక లేకపోవడం కారణం అనలేం. అదే రిజర్వాయరులో మునిగిపోతాయని నాగార్జునకొండ లోయలోని ఇక్ష్వాకుల కట్టడాలను 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొలిచి, గీసుకుని, కొన్నింటిని కొండమీద, కొన్నింటిని అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. తర్వాత శ్రీశైలం నీళ్లొచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాయి రాయికీ గుర్తు వేసి అలంపురం తెచ్చి తిరిగి కట్టారు. చాలా మంచి పని. అదే శ్రీశైలం ముంపు ఊళ్లను 1981 వేసవిలో పోలీసు కాపలాతో కూల్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘ఆపరేషన్ డిమాలిషన్’. రాయికి నంబరు వేయగల సర్కారుకు మనిషి పేరు రాసుకోవడం చేతకాలేదంటే ఈ వక్త నమ్మడు.

అసలు పేచీ ఇప్పుడు. దీనివల్ల కొన్ని స్నేహాలు పోయాయి కూడా. పాలమూరు జనం ఎందుకు పోయారని అడిగితే పాఠ్యపుస్తకం, పత్రిక, అసెంబ్లీ, పాట అన్నీ కలిసి చెప్పే మాట ‘కరువు’. ఆ మాట అనగానే నేరం ఆకాశానిది అవుతుంది, కింద ఉన్న ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. కరువు లేదని ఈ వక్త అనడం లేదు. జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేని వాన. అనంతపురంలో అంతకన్నా తక్కువ. అక్కడివాళ్లూ బెంగళూరు పోతారు. కానీ దేశంలో ఎక్కడ డ్యాము లేచినా, కాలువ తవ్వినా, జిల్లా పేరే కూలీకి పేరుగా మారడం పాలమూరుకే ఎందుకు జరిగింది? దీనికి వాన లెక్కలు జవాబు చెప్పవు.

నీళ్ల సంగతీ చూడండి. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది ఈ ఉమ్మడి జిల్లాలోనే. తుంగభద్ర అలంపురం అంచున పారుతుంది. రాజోలిబండ మళ్లింపు కింద 87,500 ఎకరాలు తడవాలని కాగితం మీద ఉంది, చివరి ఎకరాలు కాగితం మీదే ఉండిపోయాయి. ఈ జిల్లా దుస్థితిని గుర్తించి కృష్ణా జలాల బచావత్ ట్రిబ్యునల్ జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. అయినా ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగేసరికి 1981 వచ్చింది. అప్పటికే పాలమూరు మనుషులు పక్క జిల్లాలో ప్రపంచానికి చూపించుకునే డ్యాము కట్టి పద్నాలుగేళ్లయింది. సొంత ఊరికి నీళ్లివ్వని వ్యవస్థే పరాయి ఊరి నీళ్లకు వాళ్లను కూలికి పిలిచింది.

పిలిచింది ఎవరు? గుంపు మేస్త్రి. వాన పడిన ఏడూ వచ్చాడు, పడని ఏడూ వచ్చాడు. పెళ్లికో, చావుకో, పాత బాకీకో అడ్వాన్సు ఇచ్చాడు. ‘మేస్త్రి దగ్గర పైసలు పట్టిండు’ అంటే ఆ మనిషి, అతని ఆలి, చేతికొచ్చిన కొడుకు తొమ్మిది పది నెలలు మేస్త్రి చెప్పిన చోటికి పోతారని అర్థం. పనిచోట వారం వారం ఖర్చి, అంటే తిండికి సరిపడా పైసలు. లెక్క చూసేది ఏడాది చివర. జబ్బు పడిన రోజులు, ఖర్చి, రానుపోను చార్జీలు కోసేశాక ఎక్కువసార్లు మిగిలేది మరుసటేటి అడ్వాన్సు అవసరమే. మేస్త్రి కూడా రాక్షసుడేమీ కాదు. అదే ఊరివాడు, చాలాసార్లు అదే కులంవాడు, పైన కంట్రాక్టరుకు తనూ బాకీదారు. ఆ గొలుసులో ప్రతివాడికీ పైన ఒకడున్నాడు. అందుకే ఏ రిజిస్టరులోనూ కూలీకి యజమాని దొరకడు.

పరిశోధకులు వెండీ ఓల్సెన్, ఆర్.వి. రమణమూర్తి 2000లో అచ్చయిన వ్యాసంలో ఈ పాలమూరు కంట్రాక్టు పద్ధతిని వెట్టితో కలిపే చదివారు. దాన్ని ‘పడమటి విద్వాంసుల అతిశయోక్తి’ అని కొట్టిపారేసిన పెద్దలు అందులో ఒకరు పడమటివారే కాదని గమనించినట్టు లేదు. పాత్రికేయుడు పి. సాయినాథ్ మహబూబ్‌నగర్ నుంచి బొంబాయి పోయే బస్సు గురించి రాశారు. తొంభైలలో వారానికి ఒక్కటే పోయే బస్సు పదేళ్లలో ముప్పై దాటింది. అది విలువైన పరిశీలన. కాకపోతే కరువు వాదులు దాన్నీ తమ సంచిలో వేసుకున్నారు. బస్సు ఎక్కినవాడు టికెట్టు తనే కొన్నాడా, మేస్త్రి కొన్నాడా? ఈ ప్రశ్న వేయకుండా బస్సులు లెక్కపెడితే రద్దీ తెలుస్తుంది గానీ ఆ మనిషికి దిగిపోయే వీలుందా లేదా తెలియదు.

‘వాళ్లు ఇష్టపడి పోయారు కదా, సంకెళ్లు వేసి ఎవరు తీసుకెళ్లారు?’ అనే ఆక్షేపణ ఈ వక్త ప్రతి సభలో వింటున్నాడు. దానికి సుప్రీంకోర్టే 1982లో జవాబు చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ భగవతి తీర్పు సారాంశం ఇది: కనీస వేతనం కన్నా తక్కువకు ఒకరు పనిచేస్తున్నారంటే వాళ్లను ఏదో బలవంతం నెడుతోందని అర్థం, ఆకలి కూడా బలవంతమే, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుంది. తాడు కనిపించనంత మాత్రాన కట్టు లేదనుకోవద్దు.

ఇక్కడ ఆస్ట్రేలియా ప్రసక్తి తెస్తే సభలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను అక్కడికి ఓడలలో పంపింది. వాళ్లూ, వాళ్ల వెనక వచ్చిన సెటిలర్లూ దిగిన నేల ఖాళీది కాదు, అక్కడి ఆదివాసులది. రోడ్లు, వంతెనలు, బారకాసులు ఆ ఖైదీలు కట్టారు. సిడ్నీలో 1819లో లేచిన హైడ్ పార్క్ బారక్స్‌కు నక్షా గీసింది ఫ్రాన్సిస్ గ్రీన్‌వే అనే ఖైదీ. ఫోర్జరీ నేరం మీద వచ్చాడు. 1966లో అచ్చయిన పది డాలర్ల నోటు మీద ఆయన బొమ్మే వేశారు, ఆ దేశపు హాస్యప్రియత్వానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. టాస్మేనియాలో 1836లో పూర్తయిన రాస్ వంతెన చెక్కింది డేనియల్ హెర్బర్ట్, జేమ్స్ కోల్‌బెక్ అనే ఖైదీ శిల్పులు. ఆ పనికి ప్రతిఫలంగా వాళ్లకు శిక్ష నుంచి విముక్తి దొరికింది. 186 రాళ్ల మీది చెక్కడాలు హెర్బర్ట్ పనేనని చెబుతారు. ఖైదీల కట్టడాలు, శిబిరాలు పదకొండింటిని 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

పాలమూరు కూలీ, ఆ ఖైదీ ఒకటేనని ఈ వక్త అనడం లేదు. ఖైదీకి కొరడా దెబ్బలున్నాయి, తిరిగి ఇల్లు చూసే ఆశ దాదాపు లేదు. కూలీ పీర్ల పండుగకో, ఉగాదికో ఊరికి వస్తాడు. తేడా ఇంకోచోట కూడా ఉంది, అది కూలీకి అనుకూలం కాదు. ఖైదీ పేరు రాసుకున్నారు. ఓడ పట్టీలలో పేరు, వయసు, పుట్టిన ఊరు, చదువు, వృత్తి, నేరం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు అన్నీ ఉన్నాయి. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నదే కావచ్చు. కానీ ఆ పట్టీల వల్లే 1988లో స్టీఫెన్ నికొలస్, ఆయన తోటివాళ్లు ‘కన్విక్ట్ వర్కర్స్’ రాయగలిగారు. అంతకుముందు మానింగ్ క్లార్క్, లాయిడ్ రాబ్సన్ వంటి చరిత్రకారులు ఖైదీలలో ఎక్కువమందిని వృత్తి నేరగాళ్లుగా చూశారు. సుమారు ఇరవై వేల మంది వివరాలు తిరగేసి నికొలస్ బృందం చెప్పింది వేరు: వాళ్లు చేతిపని తెలిసిన మామూలు శ్రామికులు. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది, నడవనివ్వండి. నడవడానికి అక్కడ పట్టీ ఉంది.

మనకూ పట్టీ ఉండాలని చట్టం చెప్పింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కూలీకీ ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలంది, ప్రయాణ భత్యం ఇవ్వాలంది. సాగర్ కట్టేనాటికి ఆ చట్టం లేదు. ఉన్నా వర్తించేది కాదు, పాలమూరు నుంచి నల్గొండ పోవడం రాష్ట్రం దాటడం కాదు గదా. వచ్చిన తర్వాత కూడా ఆ పాస్‌బుక్ చూపించగల మనిషి పాలమూరు పల్లెల్లో ఈ వక్తకు తారసపడలేదు.

అందుకే ఈ వక్త ఇప్పుడు వేరే పని చేయడం లేదు. మక్తల్, నారాయణపేట, కోస్గి, దేవరకద్ర, కొల్లాపూర్ వైపు ఊళ్లలో సాగర్, శ్రీశైలం పనులకు పోయినవాళ్ల పేర్లు రాస్తున్నాడు. పేరు, ఊరు, మేస్త్రి పేరు, ఏ పని, ఏ చోటు, వెంట ఎవరు పోయారు, ఎవరు తిరిగి రాలేదు. మేస్త్రీల నోటుపుస్తకాలు బంగారం. పేరు పక్కన అడ్వాన్సు, ఖర్చి, బాకీ వరసగా ఉంటాయి. అయితే అందులో మొగవాళ్ల పేర్లే ఎక్కువ. గంప మోసిన ఆడమనిషి ‘ఆలి’ అనే రెండక్షరాలలో ఇమిడిపోయింది. ఆమె పేరు ఇంట్లోవాళ్లను అడిగి పూరించాలి.

ముసలివాళ్ల జ్ఞాపకం చరిత్రకు ఆధారమా అని ఒక ఆచార్యులు వ్యంగ్యంగా అడిగారు. నికొలస్ పట్టీలలో వృత్తి అనే గడి నింపింది కూడా ఓడ దిగిన ఖైదీ చెప్పిన మాటతోనే. అక్కడ కొందరు గొప్పకు పోయి ఉంటారు, ఇక్కడా పోతారు. పదిమంది చెప్పింది పక్కపక్కన పెట్టి చూస్తే అతిశయోక్తి తేలిపోతుంది. బాకీల వివరాలు అచ్చువేస్తే కుటుంబాలకు చిన్నతనం కాదా అన్న ఆక్షేపణ మాత్రం న్యాయమైనది. అందుకని అప్పు మొత్తాలు పట్టీలో ఉండవు, ఇంటివాళ్లు వద్దన్న పేరూ ఉండదు.

1960లో ఇరవై ఏళ్ల మనిషికి ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఈ సభలో ఉన్నవాళ్ల ఇళ్లలో, పాలేర్ల ఇళ్లలో, వాడకట్టులో అలాంటివాళ్లుంటే వచ్చే ఎండాకాలం దాకా ఆగకండి. ఈ వారమే పక్కన కూర్చుని మూడు సంగతులు అడగండి: నీ పేరేంది, మేస్త్రి ఎవరు, వెంట ఎవరెవరు వచ్చారు. తారీఖులు గుర్తులేకపోయినా ఫరవాలేదు, అవి తర్వాత వెతుక్కోవచ్చు. మేస్త్రి ఇంట్లో పాత నోటుపుస్తకం ఉంటే అమ్మమని అడగొద్దు, ఫొటో తీసుకుని పుస్తకం వాళ్ల దగ్గరే ఉంచండి. రాసినదాన్ని ఈ సభ నిర్వాహకులకు అందజేయండి. ఆడవాళ్ల పేర్లు మరవకండి.