వార్ధక్యమున క్రైస్తవ వేదాంతాధ్యయనము
(సంఘ వార్షిక మహాసభలో చేసిన ప్రసంగము)



రెండు సంవత్సరములకు పూర్వము ఈ వేదికమీదనే మీరు మా కొక పని నప్పగించితిరి. మన సంఘమునకు చెందిన యొక గృహస్థుని కుమార్తె బాప్తిస్మము పొందెను. అట్టిది మరల జరుగకుండుటకై క్రైస్తవమతఖండనముగా నొక చిన్న గ్రంథమును వ్రాయుమని కోరితిరి. ముద్రణమునకు ధనమును గూడ సమకూర్చితిరి. ముప్పదియైదేండ్లు పిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పినవారము గదా, ఇది యెంత పని యని మేమును తలయూచితిమి. నేడు గ్రంథము లేకయే మీ యెదుట నిలిచితిమి. కారణమును విన్నవించుట మా విధి.

ఖండనమునకు ముందు పూర్వపక్షముండవలెను. ఎదుటివాడు విని "ఔను, ఇదియే నా మాట" యనునట్లుగా వాని మతమును చెప్పజాలనివానికి ఖండించు నధికారము లేదు. మేము కలము పట్టి చూచుకొనగా మాకు దెలిసినదెల్ల సంతలో పంచిపెట్టిన కరపత్రములును, క్రిస్మసునాడు వీథిలో వినిన పాటలును మాత్రమే. కావున అరువదిమూడవ యేట చదువనారంభించితిమి.

కాశీలో నీలకంఠ గోరే యను పండితుడు క్రైస్తవులను ఖండించుచు సంస్కృతమున గ్రంథము వ్రాసి, చర్చ సాగించి సాగించి, తుదకు 1848లో తానే బాప్తిస్మము పొందెను. ఈ వృత్తాంతము చెప్పినందున మా యింట రెండు దినములు మాటలు లేవు. భయపడవలదు, మేము బాప్తిస్మము పొందలేదు.

మాకు గురువైనది మా పూర్వశిష్యుడే. మా యూరి పేటలోని ప్రార్థనామందిరమునకు ఆయన పాస్టరు. 1964లో రాజమహేంద్రవరమున నేర్పడి తరువాత హైదరాబాదునకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివినవాడు. వారి శాస్త్రమునకు వారు వేదాంతమనియే పేరిడుకొనిరి. ఇది విని మొదట నవ్వుకొంటిమి. ఆయన బాలుడై పద్యము లప్పజెప్పుటకు మా యింటికి వచ్చిన కాలమున మేము వానిని అరుగు క్రిందనే నిలువబెట్టి వినెడివారము. ఆ సంగతి ఈ సభలో దాచుట తగదు. ఇప్పుడు వారమునకు రెండు మారులు మేమే ఆయన యింటికి పోవుచున్నాము. మొదటి దినమున తన కుర్చీ మాకు చూపి "మాష్టారూ, మీరు కూర్చోండి" యనెను. "చెప్పువాడవు నీవు నాయనా" యంటిమి. ఒకరి మాట యొకరము వినక ఇరువురమును చాపమీదనే కూర్చుంటిమి. ఆయన భార్య టీ తెచ్చినపుడు మా చేయి క్షణకాలము వెనుకాడెను. ఆయన చూచెను, ఏమియు ననలేదు. ఆ మౌనము మాకు గ్రీకు వ్యాకరణముకంటె కఠినమైన పాఠమయ్యెను.

పెద్దవయసున చదువు సిగ్గుతో గూడిన పని. స్పెయిను దేశపు ఇగ్నేషియస్ లొయోలా సైనికుడు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగిగుండు తగిలి కాలు విరిగి, మంచముపై క్రీస్తుచరిత్రము చదివి మారినవాడు. సుమారు ముప్పదిమూడవ యేట బార్సిలోనాలో, బాలురు నేర్చు లాటిను వ్యాకరణమునకు మొదటినుండి కూర్చుండెను. ధాతురూపములు వల్లించుటకు పూనినంతనే మనసు భక్త్యానందములవైపు పరుగెత్తెడిది. ఆ యానందమే చదువునకు విఘ్నమని గ్రహించి, ఆ సంగతి గురువుతో నొప్పుకొని, రెండేండ్లు పాఠము మానననెను. పంతులమైన మాకు ఆయన ధ్యానగ్రంథముకంటె ఈ వృత్తాంతమే ప్రియతరము.

మా విఘ్నము వేరు. మరపు కాదు, మునుపు నేర్చినదే మా కడ్డు. గ్రీకున "ఎస్తి" యని చూడగానే మన "అస్తి" కనబడి పొంగిపోతిమి. మాటలు చుట్టములైనంత మాత్రమున అర్థములును చుట్టములగునా? యోహాను సువార్త మొదటనే "లోగోస్" అను పదమున్నది. తెలుగున దానిని "వాక్యము" అనిరి. ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు గల పదసమూహమని పాఠము చెప్పిన మాకు అది మింగుడుపడలేదు. సంస్కృతానువాదమున "వాదః" అని చూచి, శబ్దబ్రహ్మమని యుండవలెనని గురువునకే బోధింపబోతిమి. ఆయన నవ్వి "తొందరపడి మీ యింటికి తీసుకొనిపోకండి మాష్టారూ, వాక్యము ఏమైనదో చదవండి" అనెను.

చదివితిమి. తెలుగున "శరీరధారి" యని యున్నది. ధారి యనగా ధరించినవాడు. వస్త్రమువలె ధరించినది విడువవచ్చును. గీతలోని జీర్ణవస్త్రముల యుపమానము మనకు కంఠస్థమే గదా! మూలమున "మాంసమయ్యెను" అని యున్నది. శరీరము కేవల మాభాసమన్నవారిని ఆదినుండియు ఆ మతము త్రోసివేసెను. 451లో ఖాల్సిదోను మహాసభ క్రీస్తు పూర్ణముగా దేవుడును పూర్ణముగా మనుష్యుడును అని నిర్ణయించెను. మన యవతారములు పెక్కు, వారికిది యొక్కమారే. దీనిని మేము విశ్వసింపజాలకున్నాము. కాని మేము వ్రాసియుంచిన పదునాలుగు పుటల ఖండనము వారెన్నడును చెప్పని మాటకు వ్రాసినది. చించివేసితిమి.

చదువుతోబాటు సాధనయు కలదు. పండ్రెండవ శతాబ్దమున రెండవ గ్విగో యను సన్యాసి పఠనము, మననము, ప్రార్థన, దర్శనము అని నాలుగు మెట్లు చెప్పెను. శ్రవణ మనన నిదిధ్యాసనములు దీనికి సమీపమే. మూడవ మెట్టుకడ మేము నిలిచిపోయితిమి. అక్కడ పుస్తకమును మూసి ఎదుటివానితో మాటాడవలెను. గురువు మమ్ము బలవంతపెట్టలేదు.

న్యాయశాస్త్రమున తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. స్వపక్షమే లేక పరుని పడగొట్టునది వితండ. మీరు కోరినది ఈ మూడవదియని, మే మంగీకరించినదియు నదియేయని ఇప్పుడు తెలిసినది. పూర్వపక్షము ఇంకను పూర్తికాలేదు. ముద్రణద్రవ్యము కోశాధికారిగారికి ఈ యుదయమే పైసతో సహా అప్పగించితిమి. ఆ యువతి పేరు సభ్యుల పట్టికనుండి తొలగింపవలెనను తీర్మానము సాయంకాలము మీ ముందుకు రానున్నది. మా చేయి దానికి లేవదు.