పేదరికం నేరం కాదు
(మహానందిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి అరటితోటల్లో కూలిచేసి చదివించిన బిడ్డ, అమెరికా నుండి అమ్మీ అబ్బాలను చూడ రమ్మంటాడు. వారి ఖాతాలో పొదుపు లేదు. అప్పు తెచ్చి ఖాతా నింపి చూపవద్దు. ప్రయాణ ఖర్చును మరొకరు భరిస్తారని ఆధారం చూపేందుకు సందర్శక వీసా నిబంధనలే వీలు కల్పిస్తున్నాయి. బిడ్డ లేఖ, జీతపు పత్రాలు జతచేయండి.

అయితే 1952 నాటి ఆ దేశపు వలస చట్టం, 214(బి) సెక్షన్ ప్రకారం, తిరిగి వస్తామని రుజువు చేయవలసినది తల్లిదండ్రులే. బిడ్డ హామీ అందుకు బదులు కాదు. సొంత ఇల్లు, సాగుభూమి, ఇక్కడున్న సంతానం గురించి హైదరాబాద్ కాన్సులేట్‌లో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. దొంగ పత్రం పట్టుబడితే ఆ తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. పేదరికాన్ని దాచవలసిన అగత్యం మనకు లేదు. సత్యాన్ని దాచితేనే నష్టం.