మానేశాక కూడా దగ్గేమిటి?



మా పిఠాపురంలో మా పెద్ద బావగారున్నారు. 30 ఏళ్ళు రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చి, రెండేళ్ళ క్రితం మానేశారు. తెల్లవారుజాము దగ్గు మాత్రం ఆయన్ని మానలేదు. "మానేశాను కదమ్మా, ఇంకా ఈ దగ్గేమిటి?" అని నన్నడిగారు. మెట్రిక్ చదివినదాన్ని, నేనేం చెప్పను? రేడియోలో మాట్లాడతాను గనుక నాకన్నీ తెలుసని వారి నమ్మకం! ఓ డాక్టరమ్మగారిని అడిగి, కాస్త చదివి తెలుసుకున్నాను.

పొగాకు మనకు కొత్తేమీ కాదు. గోదావరి లంకల పొగాకుకీ, లంక చుట్టలకీ పెద్ద పేరు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళు కొందరు నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. దానివల్ల అంగిట్లో కేన్సరు వస్తుందని డాక్టర్లు ఏనాడో కనిపెట్టారు. ఊపిరితిత్తుల సంగతి అలా కంటికి కనబడదు.

మన ఉప్పాడ నేతగాళ్ళ ఇళ్ళల్లో కండెకు చుట్టిన దారం చూసే ఉంటారు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువుల దారం అలాగే చుట్టుకుని ఉంటుందట. బిగుతుగా చుట్టి ఉన్నచోట జన్యువు పనిచెయ్యదు, వదులైతే పనిచేస్తుంది. దారం మారదు, చుట్టే తీరు మారుతుంది. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

దుమ్మో, సూక్ష్మజీవో లోపలికొస్తే ఊపిరితిత్తుల్లో కాపలా కణాలు వాపు పుట్టించే జన్యువుల్ని తెరుస్తాయి. పని అయ్యాక దారాన్ని మళ్ళీ బిగించడానికి హెచ్‌డాక్-2 అనే ఎంజైము ఉంది. సిగరెట్ పొగ సరిగ్గా ఆ ఎంజైమునే దెబ్బతీస్తుంది. ఇంక వాపు ఆరదు. గొట్టాలు ఇరుకవుతాయి, కళ్ళె ఊరుతుంది, గాలి సంచులు చెడతాయి. పీల్చే స్టెరాయిడ్ మందు వాపు తగ్గించాలన్నా ఆ ఎంజైము సాయమే కావాలి. అందుకే ఆస్తమావారికి పనిచేసినంతగా ఈ జబ్బువారికి ఆ మందు పనిచెయ్యదు. జబ్బు ముదిరినకొద్దీ ఊపిరితిత్తుల్లో ఆ ఎంజైము తగ్గుతోందని 2005లో లండను పరిశోధకులు చూపించారు.

మరి మానేసి లాభమేమిటని బావగారు నిట్టూర్చారు. లాభముందండీ! సుమారు 16,000 మంది రక్తాన్ని పరీక్షించి 2016లో ప్రకటించిన సంగతిది: పొగ జన్యువుల మీద పెట్టిన గుర్తుల్లో చాలావరకు, మానేసిన అయిదేళ్ళలోపే పోతాయి. కొన్ని మాత్రం 30 ఏళ్ళకూ పోవు. పాడైన గాలి సంచులు తిరిగి రావుగానీ, మానేస్తే ఊపిరి తరిగిపోయే వేగం తగ్గుతుంది. దగ్గు ఆగనివారు గొట్టంలోకి ఊదే పరీక్ష చేయించుకోవాలి. బావగారిని వచ్చే సోమవారం కాకినాడ తీసుకెళుతున్నాం.

ఆ పొగ పక్కవాళ్ళ ఊపిరిలోకీ పోతుంది. కిటికీ తెరిస్తే చాలనుకోకండి, వాకిట్లోకి పొమ్మనండి. కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి ఊదిన ఆడవాళ్ళకీ, సిగరెట్ ముట్టకపోయినా, ఇలాంటి ఆయాసమే వస్తుంది. మా అమ్మ అలాగే బాధపడింది.

మొన్న బట్టలు నానబెడుతుంటే మా అబ్బాయి చొక్కా జేబులో అగ్గిపెట్టె దొరికింది. వాడికి 19 ఏళ్ళు. నేను కేకలెయ్యలేదు. రాత్రి అన్నాలయ్యాక పెదనాన్నగారి దగ్గర కూర్చోబెట్టి, మీరే చెప్పండి అన్నాను. ఆయన చెప్పబోయేసరికి దగ్గు తెర వచ్చింది. వాడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.