బొమ్మని తిరగేసి చూడండి

పిఠాపురం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి టాపిక్, టీవీలో చూసిన క్యారెక్టర్ల పింగాణీ బొమ్మలు, ప్లేట్లు దాచుకోవడం.

ఇంగ్లండ్‌లో ఈ సరదా బాగా ఉంది. 1982లో అక్కడి టీవీలో 'ది స్నోమ్యాన్' అని పిల్లల కార్టూన్ సినిమా వచ్చింది. రాయల్ డౌల్టన్ కంపెనీ ఆ మంచు మనిషిని పింగాణీ బొమ్మలుగా, ప్లేట్లుగా చేసింది. కొనేవాళ్లు బొమ్మని తిరగేసి అడుగు చూస్తారు. కంపెనీ ముద్ర అక్కడే ఉంటుంది.

మనకీ ఈ అలవాటు ఉందండి. అదే బొమ్మల కొలువు! ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చడం ఆనవాయితీ. 2008లో హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్లు టీవీకి తెచ్చిన ఛోటా భీమ్‌ని దశావతారాల పక్కన పెట్టినా ఎవరూ కాదనరు.

కానీ మన మట్టిబొమ్మ అడుగున చాలాసార్లు ఏమీ ఉండదు. మా అమ్మమ్మ బొమ్మలు ఇంకా ఉన్నాయి. ఏది శివరాత్రి తీర్థంలో కొన్నదో, ఏది పుట్టింటి నుంచి తెచ్చుకున్నదో చెప్పడానికి ఆవిడ లేరు.

అందుకే ఒక్క పని చేయండి. రంగు వేయని మట్టి అడుగున పెన్సిల్‌తో సంవత్సరం, ఊరు, కొన్నవాళ్ల పేరు రాయండి. పింగాణీ మీద పెన్సిల్ నిలవదు కాబట్టి ముందూ వెనకా ఫోటో తీసి, వివరాలు రాసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. పాత పింగాణీ ప్లేట్లలో మాత్రం తినకండి, పైపూతలో సీసం ఉండొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే అడగండి. ఏ బొమ్మ కథ తెలిసిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి!